పాత కత్తియు క్రొత్త యజమానియు

కొంతకాలము క్రిందట మేమొక మిత్రుని నూతనగృహమునకు భోజనమునకై పోయియుంటిమి. వచ్చినవారు కూర్చుండు గదిలో గోడమీద, దీపపు వెలుగు సూటిగా బడునట్లు, ఒక కత్తిపీట వ్రేలాడుచుండెను. పీట చింతమానుది, నూనె రాచి మెఱుగు పెట్టిరి. అలుగు వెండివలె తళతళలాడుచుండెను. "ఇది మా నాయనమ్మగారిది. అరువది యేండ్లు ఈ యింటి కూరలన్నియు దీనిమీదనే తఱిగినారు" అని మిత్రుడు గర్వముతో జెప్పెను. అతని తల్లిగారు ప్రక్కనే కూర్చుండియుండిరి. ఆమె మెల్లగా, "ఆమె తరువాత ముప్పది యేండ్లు నేను తఱిగినాను. నా మోకాళ్లు రెండును దానికే సమర్పణమైనవి. గోడ కెక్కించి మావాడు మంచిపనియే చేసినాడు, ఇక నెవ్వరును దానిముందు కూర్చుండ నక్కఱలేదు" అనిరి. అందఱము నవ్వితిమి.

ఆ మాట మాకు నేటికిని మఱపునకు రాలేదు. మిత్రుడు తన నాయనమ్మను గౌరవించుచున్నా ననుకొనెను. తల్లి ఆ గౌరవమును వేఱొక వైపునుండి చూచినది. నేలమీద కూర్చుండి, ఒక కాలు మడిచి, పీటను పాదముతో నదిమిపట్టి, రెండుపూటల పదిమందికి కూరలు తఱిగిన స్త్రీకి ఆ అలుగు వంపులోని సొగసు కనబడునా? పొయ్యి నేలనుండి గట్టుమీది కెక్కినప్పుడు కత్తిపీట మూలకు జరిగినది. అందులకు వగచినవారిలో పురుషులే యెక్కువయని మా యనుమానము.

కావున మేమడుగదలచిన ప్రశ్న యిది. పనికొఱకు పుట్టిన వస్తువును పనినుండి తప్పించి, మెఱుగుపెట్టి, కన్నులపండువుగా దాచుకొనుట న్యాయమేనా? చేసినవానికిని వాడినవారికిని మనము పడిన ఋణము దానివలన తీరుచున్నదా, లేక వారిని మఱచుటకు అదియొక మర్యాదగల మార్గము మాత్రమా? ఈ విచారణలో మేము న్యాయాధిపతులము కాము, ముద్దాయిలము. మా యింటనే ముప్పదికి పైగా పాత కత్తులు కలవు.

అవి రాజుల ఖడ్గములు కావు. ఇత్తడి పిడుల అడకత్తెరలు కొన్ని, కక్కు అరిగిపోయిన కొడవళ్లు నాలుగైదు, ఒక తాటిగీతకత్తి, ఒక మంగలికత్తి, తోలు కోయు కత్తి యొకటి, ఒక కొనను తాటియాకు మీద వ్రాయుటకు మొనయు, మఱియొక కొనను ఆకు నొరయుటకు చిన్న అలుగును గల గంటమొకటి. ఇవి యన్నియు చేతులు మాఱి మా చేతికి వచ్చినవి. ఇందులో నొక్కదాని పనియైనను మాకు సరిగా రాదు. గీతకత్తిని పట్టుకొని తాడిచెట్టు నెక్కుమన్నచో మేము మొదటి పట్టునకే దిగివత్తుము. అయినను దాని పదునును గూర్చి గంటసేపు ఉపన్యసింపగలము. సంగ్రాహకుని స్థితి యిట్టిది.

వస్తువుల విలువ వాని గుణమునుబట్టి గాక, పట్టిన చేతినిబట్టి కట్టుట మనకు చిరకాలపు అలవాటు. హైదరాబాదు సాలార్జంగు సంగ్రహాలయములో నూర్జహాను పండ్లు కోసికొను కత్తి యని చూపబడు రత్నఖచితమైన చిన్న కత్తి కలదు. జనులు దానిముందు చాలసేపు నిలుతురు. మేమును నిలిచితిమి. ఆ రాణి దానితో నెన్ని పండ్లు స్వయముగా కోసెనో భగవంతునికెఱుక. ఆ పని చేయుటకు ఆమెకు దాసీజనము కొఱతయా? పూనా నగరములో దినకర కేల్కరుగారు బాల్యముననే గతించిన తమ కుమారుడు రాజా పేర నెలకొల్పిన సంగ్రహాలయము ఇందులకు భిన్నమైనది. ఆయన జీవితమంతయు దేశము తిరిగి దీపములు, పాత్రలు, తాళములు, అడకత్తెరలు మున్నగు సామాన్యగృహోపకరణములను ప్రోగుచేసినారు. అక్కడి అడకత్తెరలను చూచునప్పుడు, పేరులేని యొక పనివాడు ప్రొద్దుపోక కాక, ప్రీతికొలదియే దాని కాళ్లను చిలుక ముక్కులుగ తీర్చినాడని తోచును. రాజుల వస్తువులకు కాపలాదారులు యుగయుగముల నుండి కలరు. పేదవాని కొడవలికి కాపలాదారు సంగ్రాహకు డొక్కడే. అతడును లేకున్న అది పాతయినుపవాని త్రాసులో పడి కరగిపోవును. ఈమాత్రపు పుణ్యము మావంటివారికి దక్కనిండు.

కాని దాచుకొనుటలో ఆగినవాడు అరుదు. దాచినదానిని బాగుచేయవలెనని వెంటనే బుద్ధిపుట్టును. అక్కడనే పాపము ప్రారంభమగుచున్నది.

మా పెదతండ్రిగారి చాకు నొకదానిని మేమే చెఱచితిమి. అది ఏబది యేండ్లనాడు ఊరి కమ్మరి కొట్టియిచ్చినది. నల్లగా, వికారముగా నుండెడిది. కాని వంకాయను చూపినంతనే తెగెడిది. మాకు దాని నలుపు నచ్చలేదు. పట్టణములో విద్యుచ్ఛక్తితో తిరుగు సానయున్న యొక యంగడికి పంపితిమి. అది అద్దమువలె మెఱయుచు వచ్చినది. అంచు పొడుగునను నెమలికంఠపు నీలిచ్ఛాయ సన్నగా దోచుచుండెను. మేమది శోభ యనుకొని మురిసితిమి. వారము దినములలో నా చాకు టమాటపండును కోయలేక నలిపివేయ నారంభించెను.

కారణము పిమ్మట తెలిసికొంటిమి. ఉక్కును ఎఱ్ఱగా కాచి నీటిలో ముంచినచో అది గాజువలె గట్టిపడును, గాజువలెనే పెళుసెక్కును. ఆ పెళుసుదనమును తగ్గించుటకు కమ్మరి దానిని మఱల కొంచెముగా కాచును. సుమారు 230 డిగ్రీల వేడికడ లోహముమీద గడ్డిరంగు పొర తోచును. 300 డిగ్రీలకు చేరునప్పటికి నీలివన్నె వచ్చును. కమ్మరికి ఉష్ణమాపకము లేదు. ఈ రంగులే అతని కొలత. గడ్డిరంగుకడ ఆపినచో వాదర నిలుచును. నీలివఱకు పోనిచ్చినచో స్ప్రింగునకు పనికివచ్చునేగాని చాకునకు మెత్తన. పొడిసాన రాపిడిలో పలుచని యంచు క్షణములో నీలివన్నెకు బోవును. మేము శోభయని మురిసిన యా నీలిచ్ఛాయ, కమ్మరి ఒక పూటయంతయు చూచి చూచి యిచ్చిన గట్టితనము పోయినందులకు గుర్తు. తప్పు సానవానిది కాదు. మెఱుపు కావలెనని మేమడిగితిమి, మెఱుపు నతడిచ్చెను. తెగవలెనని మేమడుగనే లేదు.

అప్పటినుండి నిదానము నేర్చితిమి. త్రుప్పులో రెండు తెగలున్నవి. ఎఱ్ఱనిది పొరలు పొరలుగా లేచి ఇనుమును తినుచు లోనికి పోవును, దానిని తీయవలసినదే. నల్లనిది ఇనుముతో నంటియుండి, గాలి తేమలనుండి కొంత కాపాడును. దానిని గీకుట మూర్ఖత. ఎఱ్ఱత్రుప్పునకు కిరసనాయిలులో నొక దినము నాననిచ్చి, వెదురుబద్దతోనో ఇత్తడిరేకుతోనో మెల్లగా గీకుట మేలు. చింతపండు రసమును పనికివచ్చునుగాని దానికడ కూర్చుండి యుండవలయును. రాత్రియంతయు దానిలో మఱచిపోయిన మా అడకత్తెర యొకటి ఉదయమునకు మశూచి సోకిన ముఖమువలె గుంటలుపడి యుండెను. పిదప వేడినీట కడిగి, చక్కగా ఆరనిచ్చి, పలుచగా నూనె రాయవలయును. ఇంతే. ఇందులో వస్తువును క్రొత్తదిగా చేయు కోరిక యెక్కడను ఉండరాదు.

ఎందుకనగా అరుగుదలయు నొక వ్రాతయే. మాయొద్ద నున్న కొడవళ్లలో నొకటి మొనవైపున బొత్తిగా సన్నగిల్లి, పిడివైపున మొదటి వెడల్పుతోనే యున్నది. వరికోతలో ఎవరో, బహుశః స్త్రీ, ఎన్నో పంటలపాటు మొనతోనే లాగి కోసినందున అట్లరిగినది. ఆమె పేరు మే మెఱుగము. ఆమె మణికట్టు తిరుగు తీరు మాత్రము ఆ ఇనుములో నిలిచియున్నది. అందముకొఱకు ఆ యంచును సమముగా రాచితిమేని, ఆమెను రెండవమాఱు ఈ లోకమునుండి పంపివేసినవారము కామా? ఆ కొడవలికి నూనె రాయుట తప్ప మేమేమియు చేయలేదు.

ఇంతవఱకు చెప్పినది వస్తువుపట్ల ధర్మము. మనుష్యునిపట్ల ధర్మము ఇంతకన్న కష్టమైనది. దానిని చెప్పుటకు ముందు మన యుక్కు కథ కొంత చెప్పవలసియున్నది.

నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము కలదు. పూర్వ మక్కడ ఇనుమును బొగ్గుపదార్థముతో గూడ మట్టిమూసలలో పెట్టి, మూతులు బిగించి, కొలిమిలో చాలసేపు కరగించి, మెల్లగా చల్లారనిచ్చి ఉక్కుముద్దలు చేసెడివారు. ఆ యుక్కులో నూటికి ఒకటిన్నర పాళ్ల వఱకు కర్బనము చేరును. దానితో సాగగొట్టిన కత్తిని నునుపుచేసి పలుచని ఆమ్లము రాచినచో నీటి యలలవంటి చాఱలు పైకి తేలును. లాంబ్టను దొర భూమిని కొలుచుచు దక్షిణాపథమున తిరుగునప్పుడు ఆయనతో నుండిన డాక్టరు వాయిసీ ఈ గ్రామపు కొలుములను చూచి వ్రాసిన వృత్తాంతము, ఆయన మరణానంతరము 1832లో కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రకటింపబడినది. ఉక్కు కొనుటకై పారసీకదేశపు ఇస్పహానునుండి వర్తకులు ఆ పల్లెకు వచ్చెడివారని అందువలన తెలియుచున్నది. పారసీక ఖడ్గములమీద అసదుల్లా యను పనివాని పేరు బంగారుతో చెక్కియుండుట నేటికిని సంగ్రహాలయములలో చూడవచ్చును. అట్టి ఖడ్గముల కుక్కు కాచియిచ్చిన మన పల్లెకమ్మరి పేరు ఏ ఖడ్గముమీదను మేము చూచి యెఱుగము.

ఆంగ్లేయులు దీనిని "వూట్సు" అనిరి. మన దక్షిణభాషల "ఉక్కు" పదమే వారినోట నట్లు మాఱినదని పలువురి యభిప్రాయము. 1795లో పియర్సనను పండితుడు లండను రాయల్ సొసైటీలో దీనిని గూర్చి పరిశోధనవ్యాసము చదివెను. తరువాత మైకేల్ ఫారడే, స్టోడార్టు అను కత్తులు చేయువానితో గూడి, దీని రహస్యమును కనుగొనుటకు 1820 ప్రాంతమున ప్రయోగములు చేసెను. ఫారడే యెవరు? ఒక కమ్మరి కొడుకు. 1824లో ఆయన రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. ఆ దేశమున కమ్మరికొడుకు మన కమ్మరి చేసిన యుక్కును శోధించి శాస్త్రజ్ఞుడై కీర్తిగాంచెను. ఈ దేశమున ఆ యుక్కు చేసినవాని కొడుకునకు చదువు చెప్పినవారు లేరు. 1856లో బెస్సెమరు క్రొత్త విధానము వెలువడినతరువాత చౌక యుక్కు ఓడలమీద వచ్చి దిగెను. 1878 నాటి ఆయుధశాసనము ప్రజల చేతులలోని ఆయుధములకు కట్టుబాటు విధించెను. కొలుములు ఒక్కొక్కటిగ చల్లారెను. ఇదంతయు పరదేశపాలకుల తప్పేయని చెప్పి చేతులు కడుగుకొనుట సులభము. కాని కమ్మరిని నోటిలెక్కలతోను కళ్లమునాటి గింజలతోను నిలిపి, అతని విద్యను ఒక్క గ్రంథమున కెక్కింపని పండితకుటుంబములు మనవియే. ఆయుధపూజనాడు కత్తికి పసుపు కుంకుమ లద్దినారము. దానిని చేసినవానిని వీథియరుగు దాటి రానిచ్చినామా?

2006లో జర్మనీదేశపు శాస్త్రజ్ఞులు ఇట్టి యుక్కుతో జేసిన పాత ఖడ్గపు తునకలో అతిసూక్ష్మమైన కర్బననాళికలు కనబడినవని 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. ఆ వార్త మన పత్రికలన్నింట గొప్పగా వచ్చినది. మన పూర్వుల విజ్ఞానమని అందఱము ఱొమ్ము విఱుచుకొంటిమి. పూర్వులలో ఎవరి విజ్ఞాన మది? ఱొమ్ము విఱుచుకొనినవారి తాతలదా, కొలిమి యొద్ద తిత్తి నూదినవారి తాతలదా? ఈ ప్రశ్న మాకును అప్పుడు తోచలేదు. తోచునట్లు చేసినది వేఱొక సంగతి.

నాలుగేండ్ల క్రిందట మేము ఉత్తరతెలంగాణమున ఇనుపచిట్టెపు దిబ్బలను చూచుటకు బోయితిమి. ఒక చిన్నపల్లెలో, ఇంటి వాకిట నొక ముసలమ్మ చితుకులు చీల్చుచుండెను. ఆమె చేతిలోని కత్తి జానెడు పొడవుండును. పిడి విఱిగిపోగా గుడ్డపీలిక చుట్టియుండెను. అలుగంతయు త్రుప్పు. ఆమె దానిని ఱాతిమీద నుంచినప్పుడు ఖణిల్లున మ్రోగిన మ్రోత మా చెవిని పడినది. అమ్ముదువా యవ్వా యని యడిగితిమి. "గీ తునకనా? ఎంతిస్తవో ఇయ్యి బిడ్డా" అన్నది. మూడువందల రూపాయలిచ్చితిమి. ఆమె ఆశ్చర్యపడి, మాకు మజ్జిగయిచ్చి పంపినది.

ఇంటికి వచ్చి, త్రుప్పు తీసి, గోరంత చోటు నునుపుచేసి ఆమ్లము రాచితిమి. నీటి యలలు తేలినవి. ఈ వస్తువుల విలువ తెలిసిన యొక పరిచితునికి ఛాయాచిత్రము పంపగా, ఇరువదియైదువేలకు తానే కొందునని వ్రాసెను. మా సంతోషము మూడుదినము లుండెను. నాలుగవనాడు మజ్జిగ జ్ఞాపకము వచ్చినది.

మా పక్షమున మేము చెప్పుకొనిన వాదములు మంచివే. మేము అబద్ధమాడలేదు. ఆమె నిర్బంధపడలేదు. ఆమె యనుకొన్నదానికన్న ఎక్కువయే యిచ్చితిమి. అది యేమో మాకును అప్పుడు నిశ్చయముగా తెలియదు. త్రుప్పులో నున్నదానిని వెలికిదీసిన శ్రమ మాది, నేర్పు మాది. ఈ న్యాయమునే లోకమంతయు వర్తకమని పిలుచుచున్నది.

క్రీస్తునకు పూర్వము 44వ యేట రోమకపండితుడు సిసిరో తన కుమారునికొఱకు వ్రాసిన ధర్మగ్రంథములో ఇట్టి వివాద మొకటి కలదు. రోడ్సు ద్వీపమున కఱవు. ఒక వర్తకుడు ధాన్యపుటోడతో నక్కడికి చేరెను. వెనుక మఱికొన్ని యోడలు వచ్చుచున్నవని అతనికి తెలియును, ఊరివారికి తెలియదు. చెప్పవలయునా, మానవలయునా? తన సరుకులోని లోపములను శాసనము కోరినంతవఱకు చెప్పినచో చాలును, తక్కినది చెప్పుట విధికాదని డయోజెనీసు అనెను. మనుష్యజాతి హితమునకు సంబంధించిన దానిని దాచుట కూడదని ఆయన శిష్యుడు ఆంటిపేటరు వాదించెను. సిసిరో శిష్యునివైపు మొగ్గెను. మన శాంతిపర్వములో తులాధారుడను వర్తకుడున్నాడు. ఘోరతపస్సు చేసి గర్వించిన జాజలి ధర్మము నేర్చుకొనుటకు అంగడిలో కూర్చున్న యా కోమటియొద్దకే పోవలసివచ్చెను. తన త్రాసు సర్వభూతములకును సమమని తులాధారుడు చెప్పును. ఆ మాటను మేము చాల మాఱులు చదివియుంటిమి. త్రాసు సమముగానున్న చాలదు, అందు తూచబడుచున్న దేమో ఇరువురకును తెలిసియుండవలయునని మాత్రము అప్పుడే తోచినది.

అన్నింటికన్న మాకు చిక్కు తెచ్చిపెట్టినది మా వాదములలోని నాలుగవది. అది యేమో మాకు తెలియదంటిమి. నిజమా? ఆ ప్రాంతమునకు మేము పోయినదే ఉక్కు చరిత్రను చదివి. మ్రోత విన్నంతనే మా గుండె వేగముగా కొట్టుకొన్నది. అనుమానమే లేకున్నచో చితుకులు చీల్చు త్రుప్పుకత్తికి మూడువందలు ఇచ్చియుందుమా? తెలియదని చెప్పుట సత్యమే. తెలిసికొనకుండ తొందరగ బేరము ముగించితి మనుట అంతకన్న పెద్దసత్యము.

మఱి యామె అజ్ఞాన మెక్కడనుండి వచ్చినది? బద్ధకమువలనా? వాకిలి ప్రక్కన పడిపోయిన కొలిమి దిమ్మను మేము చూచితిమి. అది కమ్మరిల్లు. తన మామల తాతల విద్యను గూర్చిన కాగితములు లండనులోను కలకత్తాలోను ఉన్నవి, మా బీరువాలో నున్నవి. ఆమె యింట లేవు. ఒక యింటినుండి విద్యను తీసికొనిపోయి, ఆ విద్య తెలియదను కారణముచేతనే ఆ యింటి వస్తువును చౌకగా తీసికొనుట, ఒక్క యింటిని రెండుమాఱులు దోచుట కాదా? ఈ మాట తోచినపిమ్మట ఇక వాదమునకు మా మనస్సు ఒప్పుకొనలేదు.

అయినను తిరిగి పోవుటకు రెండు నెలలు పట్టెను. ఆ జాగునకు కారణము పనుల తొందర యని యింటివారితో చెప్పితిమి. నిజమైన కారణము సిగ్గును, కొంత యాశయును.

ఈలోగా కొందఱు సంగ్రాహకమిత్రులను సలహా యడిగితిమి. ఒకరు, "నీవు పోయి ధర చెప్పినచో రేపటినుండి ఆ ఊళ్లో విఱిగిన పాఱకును వేలు అడుగుదురు, మా వృత్తి చెడును" అనిరి. ఇది ధర్మశాస్త్రము కాదు, సంఘరహస్యము. ఇంకొకరు శాసనము సంగతి యెత్తిరి: 1972 నాటి శాసనము ననుసరించి నూఱేండ్లు నిండినది పురావస్తువు, దానిని దేశము దాటించుటకు మనవంటివారికి వీలులేదు, అనుమతిపత్రము లేక అట్టివాని వ్యాపారము చేయరాదు. ఆ సలహా మంచిదే. కాని యేది చేయరాదో శాసనము చెప్పును. మజ్జిగ యిచ్చిన ముసలమ్మకు ఏమి చెప్పవలయునో అందు లేదు.

పోయితిమి. ఆమె మమ్ము గుర్తుపట్టినది. కుమారుడును ఇంటనే యుండెను. కత్తిని బల్లమీదనుంచి, ఉన్నదున్నట్లు చెప్పి, "అవ్వా, కత్తి మఱల నీవే తీసికొందువా? లేక దీని ధరలో తక్కినది తీసికొందువా?" అని యడిగితిమి. కుమారునికి కోపము వచ్చినది. "రెండునెలల కింద చెప్పకపోతివి?" అన్నాడు. దానికి మాయొద్ద నుత్తరము లేదు, నేటికిని లేదు. ఈ జాలి చూపుట మమ్ము చిన్నబుచ్చుట కాదా యని కూడ నతడడిగెను. జాలి కాదు, బాకీ యంటిమి. ఆ మాటకు కొంచెము మెత్తబడెను.

ముసలమ్మ ఈ మాటలేవియు వినుచున్నట్లు లేదు. కత్తిని చేతిలోనికి తీసికొని వెలుతురునకు త్రిప్పి చూచినది. ఆ చాఱలమీద వ్రేలు పెట్టి, "మా మామ చెప్పేటోడు, మంచి ఉక్కుల నీళ్లు పారుతయని. ఉత్తముచ్చట్లనుకున్న" అన్నది. తరువాత బొటనవ్రేలి గోటిమీద వాదర నుంచి మెల్లగా జరిపినది. ముఖము చిట్లించి, "మెరుపు మంచిగనే తెచ్చినవు గని, గిది తెగదు గద బిడ్డా" అన్నది.

మేము రెండు నెలలు ఆ కత్తిని తుడిచితిమి, నునుపుచేసితిమి, నూనె రాచితిమి, ఛాయాచిత్రములు తీసితిమి. నూఱలేదు.

డబ్బు తీసికొనుటకు ఆమె యొప్పుకొన్నది. "పైసలు వానికియ్యకు, నా చేతికియ్యి" అని కుమారుని యెదుటనే యన్నది. ఇచ్చితిమి. లెక్క చూచుకొని కొంగున ముడివైచుకొని, కత్తిని మాకీయక, లేచి పెరటిలోనికి పోయినది. వెనుకనే పోయితిమి. పెరటిలో సగమరిగిన సానఱాయి యొకటి పాతియున్నది. ఆమె చెంబుతో నీరు చిలికి, గొంతుకు కూర్చుండి, నూఱ నారంభించినది. మాకు ప్రాణము విలవిలలాడినది. ఏ గీత యెక్కడ పడునో, ఏ యల చెఱగునో యని "అవ్వా, వద్దు, అట్లే బాగున్నది" అంటిమి. ఆమె చేయి యాగలేదు. "మొద్దుకత్తి అమ్మినరని మా ఇంటికి మాట రావొద్దు" అన్నది.

పావుగంట నూఱినది. చేయి ఒకే వాలున, ఒకే వేగమున సాగుచుండెను. మా పుస్తకములలో నేర్చిన కోణములేవియు ఆ చేతికి అక్కఱలేదు. పెరటి నిమ్మచెట్టునుండి యొక కాయ త్రెంచి, అరచేతిలో నుంచుకొని, కత్తిని దానిమీద నానించినది. నొక్కలేదు. కాయ రెండు చెక్కలైనది. రసమును తుడువకయే కత్తిని మా చేతికిచ్చి, ఉప్పువేసి నిమ్మరసము కలుపుటకు లోనికి పోయినది.

పుల్లని రసము తగిలినచోట నిమిషములో ఉక్కు బూడిదవన్నె తిరిగినది. మొలనున్న గుడ్డ తీసి తుడువబోయి మానితిమి. ఇప్పుడా కత్తికి తుమ్మకఱ్ఱ పిడి వేయించి, అలుగు కొసను పాతపద్ధతినే లక్కతో బిగింపించితిమి. వేసిన కమ్మరి యెంతయడిగిన నంత యిచ్చితిమి. పాతకత్తులకు వేలు పోసి, పదును పెట్టువానితో పది రూపాయలకు బేరమాడు అలవాటు మాకు లేదని చెప్పజాలము, అది తగ్గినది. కత్తి మా వంటయింటిలో నున్నది. ఇంటివారు దానితో నిమ్మకాయలును మామిడికాయలును కోయుచున్నారు, కోసినవెంటనే కడిగి నూనెగుడ్డతో నొత్తుచున్నారు. సంగ్రాహకమిత్రులు చూచి తల బాదుకొందురు. ఆ మొదటి కాయ మచ్చ పిడికి బెత్తెడు పైన కలదు. దానిచుట్టు మఱికొన్ని చేరినవి.